పేజ్‌మేకర్ నుంచి వెబ్ డిజైన్‌కి రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నారాయణగూడ_డీటీపీ:
అందరికీ నమస్తే. నేను నారాయణగూడలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో డీటీపీ ఆపరేటర్‌ని. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్ బుక్కులు, అప్పుడప్పుడు కవితా సంపుటాలు చేస్తుంటాను. పేజ్‌మేకర్, ఫోటోషాప్, కోరల్ డ్రా బాగా అలవాటు. తెలుగు అను ఫాంట్లలో, యాపిల్ కీబోర్డు లేఅవుట్‌లో కొడతాను. చదివింది బీకాం.

ఈ మధ్య పెళ్లి కార్డుకు వచ్చేవాళ్లు యాభై అచ్చు వేయించుకుని మిగతావాళ్లకు వాట్సాప్‌లో పంపుకుంటున్నారు. షాపులవాళ్లేమో కరపత్రం చేయించుకుంటూ "మాకో వెబ్‌సైట్ కూడా చేసి పెట్టరాదూ" అంటున్నారు. రాదని చెప్పి పంపించేయాలంటే బాధగా ఉంది. అందుకే నేర్చుకోవాలనుకుంటున్నా. కోడింగ్ అస్సలు రాదు. ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది, మాట్లాడటం కష్టం. ఇంట్లో నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్ ఉంది. అమీర్‌పేటలో కోర్సులో చేరమంటారా? అసలు ఏది ముందు, ఏది తర్వాత?

ఎస్సార్‌నగర్_హాస్టల్:
అన్నా, నేను అమీర్‌పేట మైత్రీవనం దగ్గరే కోర్సు చేస్తున్నా. ఇక్కడ బోర్డులన్నీ ఫుల్ స్టాక్, డేటా సైన్స్, డెవాప్స్ లాంటి పెద్ద సాఫ్ట్‌వేర్ కోర్సులవే. ఒక్క వెబ్ డిజైన్ మాత్రమే నేర్పే చోటు వెతుక్కోవాలి. మా బ్యాచ్‌లో వెబ్ పేజీకి పునాది అయిన హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ గబగబా అయిపోగొట్టి, పేజీకి ప్రోగ్రామింగ్ చేసే జావాస్క్రిప్ట్, దాని మీద నడిచే రియాక్ట్‌లోకి తీసుకెళ్లారు. వెనకబడ్డవాళ్లు వెనకే ఉండిపోయారు. కానీ రోజూ ఒక టైంకి కూర్చుని నేర్చుకునే అలవాటు, పక్కన డౌటు అడగడానికి ఒక దోస్త్, ఈ రెండూ నాకు కోర్సు వల్లే వచ్చాయి. ఇంట్లో ఒక్కడినే అయితే నేను వదిలేసేవాణ్ణి.

చేరాలనుకుంటే ముందు డెమో క్లాసులు విను. డెమో చెప్పిన సారే కోర్సంతా చెప్తారా అని అడుగు. ఆ సార్ చేసిన సైట్లు చూపించమను. "జాబ్ గ్యారంటీ" అన్నా, "ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ మేమే పెట్టిస్తాం" అన్నా అక్కడి నుంచి లేచి వచ్చేయ్. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టినవాళ్లు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోయి, వచ్చిన ఉద్యోగం కూడా పోగొట్టుకుంటున్నారు.

మాదాపూర్_ఫ్రంటెండ్:
తమ్ముడూ, నేను చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా, కొత్తగా చేరిన పిల్లలకు నేర్పుతుంటా కూడా. నీకు కోర్సు అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. ఖాళీల విలువ, అక్షరాల సైజుల మధ్య తేడా, ఒక పేజీలో కన్ను ముందు ఎక్కడ పడుతుందో నీకు ఇప్పటికే తెలుసు. ఇంజనీరింగ్ చేసి వచ్చినవాళ్లకు ఇది నేర్పడానికే నాకు నెలలు పడుతుంది.

నువ్వు వదులుకోవాల్సింది ఒకటుంది. కరపత్రానికి సైజు ముందే తెలుసు కాబట్టి ప్రతి అక్షరాన్నీ పట్టుకుని ఒక చోట పెడతావు. వెబ్ పేజీ సైజు మాత్రం చదివేవాళ్ల చేతిలో ఉంటుంది. ఒకరి ఫోన్ 360 పిక్సెళ్ల వెడల్పు, ఇంకొకరి మానిటర్ 1920. ఒకావిడ కళ్లజోడు లేక అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుతుంది. అన్నిచోట్లా పేజీ తనంతట తాను సర్దుకోవాలి. దీన్ని రెస్పాన్సివ్ డిజైన్ అంటారు. 2010లో ఈథన్ మార్కాట్ అనే డిజైనర్ రాసిన వ్యాసంతో ఆ పేరు స్థిరపడింది.

వరుస అడిగావు. ముందు హెచ్‌టీఎంఎల్. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది లిస్టు, ఇది లింకు అని బ్రౌజర్‌కి చెప్పడమే దాని పని. ఎలా కనిపించాలో దానికి సంబంధం లేదు. తర్వాత సీఎస్‌ఎస్, కనిపించే తీరంతా అందులోనే. పేజ్‌మేకర్‌లో పేరాగ్రాఫ్ స్టైల్స్ వాడే ఉంటావు కదా. "బాడీ టెక్స్ట్" స్టైల్‌లో సైజు ఒక్కసారి మారిస్తే పుస్తకమంతా మారుతుంది. సీఎస్‌ఎస్ అచ్చం అదే. స్టైల్ వాడకుండా ప్రతి పేరానీ సెలెక్ట్ చేసి చేత్తో సైజు మార్చే ఆపరేటర్లు ఎంత అవస్థ పడతారో నీకు తెలుసు. సీఎస్‌ఎస్ ప్రతిపాదన 1994లో వచ్చింది, ప్రమాణంగా ఖరారైంది 1996 డిసెంబర్‌లో. అంతకుముందు రంగు, ఫాంటు అన్నీ హెచ్‌టీఎంఎల్ ట్యాగుల్లోనే, అంటే శీర్షిక, పేరా అని చెప్పే ఆ గుర్తుల్లోనే కుక్కేవాళ్లు.

సీఎస్‌ఎస్‌లో బాక్స్ మోడల్, అంటే పేజీలో ప్రతిదీ ఒక డబ్బా అన్న లెక్క, బాగా అర్థం చేసుకో. మార్జిన్ బయట, బోర్డర్ మధ్యలో, ప్యాడింగ్ లోపల. ఆ తర్వాత ఆ డబ్బాల్ని వరుసల్లో, గళ్లలో సర్దే ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్. ఇవి రాకముందు పేజీని నిలువు గళ్లుగా విడగొట్టాలంటే నానా తిప్పలు పడేవాళ్లం. 2017లో పెద్ద బ్రౌజర్లన్నిటిలోకీ గ్రిడ్ వచ్చాక ఆ కష్టం తీరింది. జావాస్క్రిప్ట్ జోలికి ఇప్పుడే పోకు. షాపుల సైట్లు చాలావరకు అది లేకుండానే చక్కగా నడుస్తాయి.

చిక్కడపల్లి_చదువరి:
అక్కా, ఒక డౌట్. ఇప్పుడు ఏఐని అడిగితే నిమిషంలో సైట్ మొత్తం రాసిస్తోంది కదా? ఇవన్నీ నేర్చుకోవడం టైం వేస్ట్ కాదా?

మాదాపూర్_ఫ్రంటెండ్:
మా ఆఫీసులో మేమూ వాడుతున్నాం. రాసిస్తుంది, నిజమే. కానీ అది ఇచ్చిన పేజీ ఫోన్‌లో పక్కకు జారిపోతుంటే, ఏ లైను వల్ల జారుతోందో కనిపెట్టాల్సింది నువ్వే. షాపాయన "ఈ బటన్ కొంచెం కిందికి" అంటే మళ్లీ మొత్తం రాయించుకుని, ఈసారి ఇంకేం చెడిందో వెతుక్కోవాలా? నేర్చుకునేటప్పుడు "ఈ లైను ఎందుకు" అని దాన్ని అడిగి తెలుసుకో, బాగా పనికొస్తుంది. పేజీ మాత్రం నీ చేత్తో కొట్టు. మొదటి నెల కాపీ పేస్ట్ వద్దు, ట్యాగ్ మూయడం మర్చిపోతే ఏమవుతుందో కళ్లారా చూడాలి.

పార్క్‌లేన్_రిపేర్:
లాప్‌టాప్ సంగతి నేను చెప్తా. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్‌కి నాలుగు జీబీ సరిపోతుంది భాయ్. అందులో హార్డ్ డిస్క్ ఉంటే తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించు, దాంతోనే సగం ప్రాణం వస్తుంది. కోడ్ రాసుకునే వీఎస్ కోడ్ ఫ్రీ. ఒక బ్రౌజర్, వీఎస్ కోడ్ తెరిచి మిగతావన్నీ మూసేయ్. కొత్తది కొనేదాకా వస్తే ఎనిమిది జీబీ కంటే తక్కువ తీసుకోకు. సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్ కొంటే ఛార్జర్ పీకేసి పది నిమిషాలు నడిపి చూడు, ప్రతి కీ నొక్కి చూడు, మూత కీళ్లు వదులుగా ఉన్నాయేమో చూడు. బిల్లు లేకుండా తీసుకోవద్దు.

కూకట్‌పల్లి_వర్క్‌ఫ్రమ్‌హోమ్:
నేను పిల్లలు బడికి వెళ్లాక ఇంట్లో కూర్చుని నేర్చుకున్నాను, ఇప్పుడు చిన్న చిన్న సైట్లు చేస్తున్నాను. ఎక్కడ నేర్చుకోవాలో చెప్తాను. ఎండీఎన్ అనే సైట్‌లో నేర్చుకునేవాళ్ల కోసం ఒక విభాగం ఉంది, పూర్తిగా ఉచితం. ఫ్రీకోడ్‌క్యాంప్‌లో రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ పాఠాలు కూడా ఉచితమే, అక్కడ చదువుతూనే పక్కన కోడ్ కొట్టాలి. యూట్యూబ్‌లో తెలుగు వీడియోలు బోలెడు ఉన్నాయి. వాటిని ఒక విషయం తలకెక్కనప్పుడు మాత్రమే చూడండి. వీడియో చూస్తున్నంతసేపూ అంతా వచ్చేసినట్టే ఉంటుంది, ఖాళీ ఫైల్ ముందు కూర్చుంటేనే ఎంత వచ్చిందో తెలుస్తుంది.

మీకు ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుందన్నారు కదా, ఇంకేం కావాలి? హెచ్‌టీఎంఎల్ ట్యాగుల్లో, సీఎస్‌ఎస్‌లో సైజు, రంగు లాంటివి చెప్పే ప్రాపర్టీల్లో రోజూ వాడే పదాలు వందలోపే ఉంటాయి. వాటిని కొట్టీ కొట్టీ చేతికే అలవాటవుతాయి.

ఇంకో మాట. ఊహించుకుని సైట్ చేయకండి. మీకు తెలిసిన ఒక నిజమైన షాపును పట్టుకుని, వాళ్లకు కావాల్సిన ఒకే ఒక్క పేజీ చేయండి.

యూనికోడ్_మామయ్య:
బాబూ, అను ఫాంట్లు అన్నావు కాబట్టి ఇప్పుడే చెప్పాలి, లేకపోతే తర్వాత చాలా బాధపడతావు. అనులో నువ్వు కొట్టేది కంటికి తెలుగే గానీ, కంప్యూటర్ లోపల దాచుకునేది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే. వాటి మీద ఆ ఫాంటు తెలుగు బొమ్మలు తొడుగుతుంది. ఆ మ్యాటర్ తీసుకెళ్లి వెబ్ పేజీలో పెడితే ఫాంటు లేని ఫోన్‌లో పిచ్చి గీతలు వస్తాయి. గూగుల్‌లో వెతికినా దొరకదు.

వెబ్‌కి యూనికోడ్ ఒక్కటే దారి, అది అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలు ఇచ్చే ప్రమాణం. అందులో తెలుగుకు 128 స్థానాలతో ఒక విభాగం ఉంది, ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య. "క్షే" అని కొడితే లోపల క, పొల్లు, ష, ఏత్వం అని నాలుగు సంఖ్యలుంటాయి. వాటిని కలిపి ఒక్క రూపంగా గీసే పని బ్రౌజర్, ఫాంటు చూసుకుంటాయి. నీ పాత మ్యాటర్‌ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి, కానీ మార్చాక ఒత్తులు, అరసున్నలు ఒకసారి ప్రూఫ్ చూసుకో. యాపిల్ లేఅవుట్‌లోనే యూనికోడ్ కొట్టనిచ్చే కీబోర్డులూ ఉన్నాయి కాబట్టి వేళ్ల అలవాటు మార్చుకోనక్కర్లేదు.

పేజీ తలలో, అంటే హెడ్ భాగంలో, క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని రాయి, అది యూనికోడ్‌ని దాచే పద్ధతి. మొదట్లో వచ్చే హెచ్‌టీఎంఎల్ ట్యాగులో భాష తెలుగు అని "టీఈ" కోడ్ పెట్టు. ఫాంట్లకు గూగుల్ ఫాంట్స్ చూడు. శీర్షికలకు రామభద్ర నిండుగా ఉంటుంది. చదివే మ్యాటర్‌కి మండలి బాగుంటుంది, కానీ అందులో బోల్డ్ లేదు. బోల్డ్ చేస్తే బ్రౌజర్ తనే లావు పులిమి చూపిస్తుంది, అక్షరం కడుపు పూడిపోతుంది. బోల్డ్ కావాల్సినచోట నోటో సాన్స్ తెలుగు వాడు, అందులో సన్నం నుంచి లావు దాకా అన్నీ ఉన్నాయి. తెలుగుని ఇటాలిక్ చేయకు. లైన్ హైట్ ఇంగ్లిష్‌కి 1.5 సరిపోతే మనకు 1.7 దాకా కావాలి. లేకపోతే పై లైను ఒత్తులు కింది లైను గుడుల్ని గుద్దుకుంటాయి.

నారాయణగూడ_డీటీపీ:
ఇంత ఓపిగ్గా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. మామయ్యగారూ, అను సంగతి నాకు అసలు తెలియదు. కోర్సు ప్రస్తుతానికి పక్కనపెట్టి, రాత్రి ప్రెస్ నుంచి వచ్చాక రోజూ ఒక గంట కూర్చుంటాను. మా వీధి చివర టిఫిన్ సెంటర్ ఆయనకి మెనూ కార్డు మేమే వేశాం. దాన్నే పేజీగా చేస్తా.

నారాయణగూడ_డీటీపీ:
కొన్ని వారాల తర్వాత మళ్లీ వచ్చాను. టిఫిన్ సెంటర్ పేజీ చేశాను, ఉచితంగా పేజీలు నెట్‌లో పెట్టుకోనిచ్చే గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టాను, లింకు నా ప్రొఫైల్‌లో ఉంది. నా లాప్‌టాప్‌లో అంతా బాగుంది. ఫోన్‌లో తెరిస్తే మాత్రం మూడు ఇబ్బందులు. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. పైన ఉన్న దోసె ఫోటో రానే రావట్లేదు. మెనూ చాలాసేపటికి వస్తోంది. ఎక్కడ చూడాలో చెప్పండి.

మాదాపూర్_ఫ్రంటెండ్:
చూశాను. ముందు ఒక మాట, ఖాళీలు చాలా అందంగా వదిలావు.

అక్షరాలు చిన్నవి కావడానికి కారణం మెటా వ్యూపోర్ట్ లైను లేకపోవడం. అది లేకపోతే ఫోన్ నీ పేజీని కంప్యూటర్ కోసం చేసిందనుకుని, 980 పిక్సెళ్ల వెడల్పులో గీసి, ఆ మొత్తాన్ని కుదించి చూపిస్తుంది. వెడల్పు డివైజ్ వెడల్పంత అని చెప్పే ఆ ఒక్క లైను పేజీ తలలో పెట్టు. దాంతోపాటు బయటి డబ్బాకి వెడల్పు 1200 పిక్సెల్స్ అని రాశావు, దాన్ని "గరిష్ఠ వెడల్పు"గా మార్చు. చిన్న స్క్రీన్‌లో అదే తగ్గుతుంది.

ఫోటో రాకపోవడానికి కారణం పేరు. ఫైల్ పేరులో మొదటి అక్షరం, చివర జేపీజీ పెద్దక్షరాల్లో ఉన్నాయి, కోడ్‌లో చిన్నక్షరాల్లో రాశావు. విండోస్ ఆ తేడా పట్టించుకోదు, సర్వర్ పట్టించుకుంటుంది. ఇకనుంచి ఫైళ్ల పేర్లన్నీ చిన్నక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టుకో.

మెనూ ఆలస్యం అవుతోందంటే, అది మెనూ కాదు, ఫోటోషాప్‌లో చేసిన పెద్ద బొమ్మ. ప్రింటుకి పంపినట్టే 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు), అచ్చు రంగుల సీఎంవైకే మోడ్‌లోనే సేవ్ చేశావు. స్క్రీన్‌కి ఆర్‌జీబీ మోడ్ కావాలి, సీఎంవైకే ఫైల్ పెడితే రంగులు వేరేగా కనిపించే ప్రమాదం ఉంది. డీపీఐ సంఖ్యను బ్రౌజర్ లెక్కచేయదు, మొత్తం ఎన్ని పిక్సెళ్లన్నదే ముఖ్యం.

కానీ తమ్ముడూ, ఆ బొమ్మని చిన్నది చేయడం కాదు, తీసేయ్. ఇడ్లీ, వడ, పెసరట్టు, వాటి ధరలు అన్నీ అక్షరాల్లోనే ఉండాలి. అప్పుడే గూగుల్‌కి దొరుకుతాయి, పెద్దవి చేసుకుని చదవొచ్చు, చూపు లేనివాళ్లకు ఫోన్ చదివి వినిపిస్తుంది. రేపు ఉప్మా ధర మారితే ఒక్క అంకె మారిస్తే చాలు. దోసె ఫోటోకి మాత్రం ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మలో ఏముందో చెప్పే మాట, రాయి.

ఇవన్నీ లాప్‌టాప్‌లోనే పట్టుకోవచ్చు. లాప్‌టాప్‌లోని ఫైల్ కాకుండా నెట్‌లో పెట్టిన లింకునే క్రోమ్‌లో తెరిచి ఎఫ్12 నొక్కి, ఫోన్ గుర్తున్న బటన్ నొక్కితే ఫోన్ సైజులో చూపిస్తుంది. రాని ఫైళ్లు అక్కడే కన్సోల్ అనే భాగంలో ఎర్రగా కనిపిస్తాయి.

కూకట్‌పల్లి_వర్క్‌ఫ్రమ్‌హోమ్:
నేనూ చూశాను. ఎర్ర పట్టీ మీద పసుపు అక్షరాలు పెట్టారు. కరపత్రంలో ఆ జోడీ చూడ్డానికి శుభంగా ఉంటుంది గానీ, ఎండలో బస్టాప్‌లో ఫోన్ పట్టుకుని చదవాలంటే కష్టం. రంగుల తేడాని కొలిచే కాంట్రాస్ట్ చెకర్లు ఉచితంగా ఉన్నాయి. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలని వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణం. అచ్చ ఎరుపు మీద అచ్చ పసుపు 3.7 దగ్గరే ఆగిపోతుంది. ఎరుపుని ముదురు మెరూన్ చేయండి, 10 దాటుతుంది. రంగుల కళ పోదు, చదవడమూ సుఖంగా ఉంటుంది.

ఫోన్ నంబర్ ఊరికే అంకెలుగా రాశారు. దాన్ని లింకు చేస్తే వేలు పెట్టగానే కాల్ వెళ్తుంది. టిఫిన్ సెంటర్ పేజీకి వచ్చేవాళ్లకు కావాల్సింది ఎన్నింటికి తెరుస్తారు, ఎక్కడుంది, ఫోన్ ఎంత. ఈ మూడూ దోసె ఫోటో కంటే పైకి తీసుకురండి.

ఎస్సార్‌నగర్_హాస్టల్:
అన్నా, మస్తుంది! మా బ్యాచ్‌లో ఇంకా ఎవరి పేజీ నెట్‌లోకి ఎక్కలేదు. ఒకటి అడగాలి, వర్డ్‌ప్రెస్ అనే సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే ఇదంతా లేకుండా క్లిక్‌లతోనే సైట్ అయిపోతుందంటున్నారు, నిజమేనా?

మాదాపూర్_ఫ్రంటెండ్:
అవుతుంది. 2003 నుంచి ఉంది, లక్షల సైట్లు దాని మీదే నడుస్తున్నాయి. ఓనరే వారం వారం కొత్త సంగతులు రాసుకునే సైట్‌కి అదే మంచిది. కానీ ఇప్పుడు మీ అన్న పట్టుకున్న వ్యూపోర్ట్, ఫోటో సైజు, రంగుల తేడా ఇవన్నీ అక్కడా వస్తాయి, అడుగున ఉన్నది హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్సే కాబట్టి. పైగా ప్లగిన్లు, అంటే దానికి తగిలించే అదనపు సౌకర్యాలు, అప్‌డేట్ చేయకపోతే సైట్ హ్యాక్ అయ్యే ప్రమాదం ఉంది. ఒక్క పేజీ టిఫిన్ సెంటర్‌కి అంత బరువు వద్దు. రెండు మూడు సైట్లు చేత్తో చేశాక వర్డ్‌ప్రెస్‌కి వెళ్తే నీకే హాయిగా ఉంటుంది.

నారాయణగూడ_డీటీపీ:
అన్నీ సరిచేశాను. మెనూ అంతా యూనికోడ్‌లో మళ్లీ కొట్టాను, శీర్షిక రామభద్ర, మిగతాది నోటో సాన్స్. పేజీ ఇప్పుడు ఫోన్‌లో వెంటనే తెరుచుకుంటోంది. టిఫిన్ సెంటర్ ఆయనకు చూపిస్తే, దీన్నే అసలు సైట్‌గా పెట్టేద్దాం, ఎంతవుతుందో చెప్పమన్నారు. పార్శిల్ ఆర్డర్ ఇవ్వడానికి ఒక ఫారం కూడా కావాలట. ఫారం కనిపించేలా చేశాను గానీ, బటన్ నొక్కితే ఎక్కడికీ పోవట్లేదు. డొమైన్, అంటే సైట్ అడ్రస్ పేరు, నా పేరు మీద కొని ఇవ్వచ్చా?

కూకట్‌పల్లి_వర్క్‌ఫ్రమ్‌హోమ్:
డొమైన్ ఆయన పేరు మీద, ఆయన ఈమెయిల్‌తో, ఆయన డబ్బుతోనే కొనండి. మీరు పక్కన కూర్చుని సాయం చేయండి. మీ పేరు మీద ఉంటే రేపు మీరు ఊరు మారినా, రెన్యువల్ మర్చిపోయినా ఆయన షాపు పేరు వేరేవాళ్ల చేతికి పోవచ్చు. ఇలాంటి గొడవలు నేను చూశాను. కొనేముందు రెండో ఏడాది ధర చూడండి, మొదటి ఏడాది ఆఫర్‌లో తక్కువ చూపించి తర్వాత పెంచుతారు.

గిట్‌హబ్ పేజెస్ మీరు నేర్చుకోవడానికి, మీ పని నలుగురికి చూపించుకోవడానికి చక్కగా సరిపోతుంది. వ్యాపారం నడుపుకోవడానికి ఉచిత హోస్టింగ్‌గా వాడకూడదని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. ఆయన సైట్‌కి చిన్న హోస్టింగ్ ప్లాన్, అంటే సైట్ ఫైళ్లు పెట్టుకునే చోటు, తీసుకోండి, సురక్షిత కనెక్షన్ ఇచ్చే హెచ్‌టీటీపీఎస్ అందులో కలిసే ఉండాలి. మీ బిల్లులో డొమైన్, హోస్టింగ్, మీ పని మూడూ విడివిడిగా రాయండి. ధరలు మార్చడం, పండగ సెలవులు పెట్టడం లాంటి వాటికి ఏడాదికింత అని ముందే మాట్లాడుకోండి. ప్రెస్‌లో రెండోసారి ప్రూఫ్ దిద్దితే చార్జి ఎలా చెప్తారో ఇక్కడా అలాగే మొహమాటం లేకుండా చెప్పండి.

ఫారం పని చేయాలంటే వెనక సర్వర్‌లో దాన్ని అందుకునే ప్రోగ్రాం ఉండాలి, హెచ్‌టీఎంఎల్ ఒక్కటే సరిపోదు. ప్రస్తుతానికి ఆ ఫారం తీసేసి, ఆయన నంబర్‌కి వాట్సాప్ తెరిచే లింకు బటన్ పెట్టండి. "పార్శిల్ ఆర్డర్" అన్న మాట ముందే టైప్ అయి ఉండేలా లింకులోనే రాయొచ్చు. ఆయన ఎలాగూ రోజంతా వాట్సాప్ చూస్తూనే ఉంటారు, ఈమెయిల్ తెరవరు.

నారాయణగూడ_డీటీపీ:
సరే మేడమ్, డొమైన్ ఆయన పేరు మీదే తీసుకుంటాం. ఫారం తీసేసి వాట్సాప్ బటన్ పెట్టాను, పని చేస్తోంది. అందులో తెలుగు మాటలు పెడితే లింకులో శాతం గుర్తులు, అంకెలు కనిపిస్తున్నాయి. అది తప్పా?

యూనికోడ్_మామయ్య:
తప్పు కాదు బాబూ, అలాగే ఉండాలి. లింకుల్లో తెలుగు అక్షరాలు ప్రయాణం చేసేది ఆ రూపంలోనే. వాట్సాప్ తెరుచుకోగానే మళ్లీ తెలుగులోనే కనిపిస్తుంది, నేను ఇప్పుడే నొక్కి చూశాను.